పైథాన్ ప్రోగ్రాం ఆగదు, ఆపితే డేటా పోతుంది: థ్రెడ్లను ముగించడం గురించి

మీరు చెప్పినదాన్ని బట్టి పరిస్థితి ఇదీ. మెయిన్ థ్రెడ్ (ఒకే ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే పనుల వరసల్లో మొదటిది) నాలుగు వర్కర్ థ్రెడ్లను మొదలుపెడుతుంది, అవి క్యూలోంచి ఆర్డర్లు తీసుకుని ఫైల్లో రాస్తాయి. వర్కర్‌లో పెద్ద ఎర్రర్ వచ్చినప్పుడు అక్కడే సిస్.ఎగ్జిట్ పిలిచారు, ప్రోగ్రాం ఆగలేదు. కంట్రోల్-సీ నొక్కితే ట్రేస్‌బ్యాక్ వచ్చింది గానీ ప్రాంప్ట్ తిరిగి రాలేదు, అలాగే వేలాడింది. ఎవరో చెప్పారని థ్రెడ్లన్నిటినీ డీమన్ (ప్రోగ్రాం ముగిసేటప్పుడు ఎవరూ కాచుకోని థ్రెడ్) చేశారు. ఇప్పుడు వెంటనే ఆగుతోంది, కానీ ఫైల్లో చివరి లైన్లు కొన్ని ఉండటం లేదు, అప్పుడప్పుడు ఫేటల్ ఎర్రర్ కూడా వస్తోంది. కాబట్టి ఏ ముగింపు పనీ చేయకుండా ప్రాసెస్‌ను అక్కడికక్కడే ఆపేసే ఓఎస్._ఎగ్జిట్ పెట్టేద్దామా అని అడుగుతున్నారు. ఇప్పుడే పెట్టకండి. దానికీ ఒక చోటుంది, అది ఎక్కడో తర్వాత చెప్తాను.

ఈ నాలుగు లక్షణాల వెనకా ఉన్నది ఒకటే విషయం. నడుస్తున్న థ్రెడ్‌ను బయటి నుంచి చంపే సురక్షితమైన దారి లేదు. ఆగమని అడగొచ్చు, ఆగేది మాత్రం ఆ థ్రెడ్డే, తన పని ఒక కొలిక్కి వచ్చిన చోట తనంతట తాను ఆగాలి. పైథాన్‌లో థ్రెడ్‌కి కిల్ అనే మెథడ్ లేకపోవడం చాలామందికి లోపంలా కనిపిస్తుంది. జావా వాళ్లు పెట్టి చూశారు కదా, థ్రెడ్.స్టాప్ అని. 1998లో వచ్చిన జేడీకే 1.2 నాటికే దాన్ని వాడొద్దని ప్రకటించారు, చివరికి జావా 20లో దాన్ని పిలిస్తే ఎక్సెప్షన్ తప్ప ఇంకేమీ జరగకుండా చేశారు. కారణం చిన్నదే. ఒక థ్రెడ్ లాక్ (ఒకసారికి ఒక్క థ్రెడ్డే డేటాను ముట్టుకునేలా చేసే తాళం) పట్టుకుని ఏదో మారుస్తోంది, సగం మార్చింది, అంతలో దాన్ని చంపారు. లాక్ వదిలేయిస్తే మిగతా థ్రెడ్లు ఆ సగం మారిన డేటాను సరైనదనుకుని వాడేస్తాయి. వదిలేయించకపోతే ఆ లాక్ కోసం అందరూ ఎప్పటికీ కాచుకుని కూర్చుంటారు. మీ ప్రోగ్రాంలోనే చూడండి, లాగింగ్ హ్యాండ్లర్‌కి ఒక లాక్ ఉంటుంది. వర్కర్ ఒక లాగ్ లైన్ రాస్తూ ఆ లాక్ పట్టుకుని ఉన్న క్షణంలో చచ్చిపోయిందనుకోండి, ఆ తర్వాత ఎవరు లాగ్ రాయబోయినా అక్కడే బిగుసుకుపోతారు, మెయిన్ థ్రెడ్‌తో సహా. కాబట్టి రన్‌టైమ్ ఈ పని చేసిపెట్టదు, మీరు చేయాలి.

ఇక మీకు కనిపించిన వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

సిస్.ఎగ్జిట్ పేరు చూసి అది ప్రాసెస్‌ను ముగిస్తుందనుకుంటాం. అది చేసేదల్లా సిస్టమ్‌ఎగ్జిట్ అనే ఎక్సెప్షన్ విసరడం, అంతే. మెయిన్ థ్రెడ్‌లో ఎవరూ పట్టుకోకపోతే అది పైదాకా వెళ్లి ప్రోగ్రాం ముగుస్తుంది. వర్కర్‌లో అయితే ఆ వర్కర్ ఒక్కటే ముగుస్తుంది, పైగా ఏ మెసేజీ రాదు, ఎందుకంటే థ్రెడ్‌లోంచి బయటపడిన సిస్టమ్‌ఎగ్జిట్‌ను రన్‌టైమ్ నిశ్శబ్దంగా వదిలేస్తుంది. అంటే మీ నాలుగు వర్కర్లలో ఒకటి పోయింది, మిగతా మూడు నడుస్తున్నాయి, లాగ్‌లో ఏమీ లేదు. ఇంకొకటి, ఎక్కడైనా పేరు ఇవ్వకుండా ఉత్త ఎక్సెప్ట్ రాసి ఉంటే సిస్టమ్‌ఎగ్జిట్‌ను కూడా అది మింగేస్తుంది. అది ఎక్సెప్షన్ క్లాసు కింద కాకుండా బేస్‌ఎక్సెప్షన్ కింద ఉన్నది అందుకే, ఎక్సెప్ట్ పక్కన ఎక్సెప్షన్ అని రాస్తే చాలు, దాని జోలికి పోదు.

కంట్రోల్-సీ సంగతి. సిగ్నల్ హ్యాండ్లర్లు పైథాన్‌లో ఎప్పుడూ మెయిన్ థ్రెడ్‌లోనే నడుస్తాయి, కాబట్టి కీబోర్డ్‌ఇంటరప్ట్ మెయిన్‌కే వస్తుంది, వర్కర్లకు ఆ సంగతే తెలియదు. మెయిన్ పడిపోయింది, ట్రేస్‌బ్యాక్ ప్రింటయింది, ఇంటర్‌ప్రెటర్ ముగింపు మొదలైంది. ఆ ముగింపులో మొట్టమొదటి పని డీమన్ కాని థ్రెడ్లన్నీ పూర్తయ్యేదాకా కాచుకోవడం. మీ వర్కర్లు క్యూ దగ్గర ఖాళీగా నిలబడి ఉన్నాయి, వాటికి ఎవరూ ఏమీ చెప్పరు, కాబట్టి ఆ కాచుకోవడం ఎప్పటికీ పూర్తికాదు. రెండోసారి కంట్రోల్-సీ నొక్కితే థ్రెడింగ్._షట్‌డౌన్‌లో ఎక్సెప్షన్ ఇగ్నోర్ చేశామని ఒక మెసేజ్ వచ్చి ఆగిపోతుంది చూడండి, అది ఈ కాచుకోవడాన్నే మీరు తెంపేశారన్నమాట. అక్కడి నుంచి మీ మామూలు థ్రెడ్ల గతి కూడా డీమన్ల గతే.

డీమన్ గతి ఏమిటో కొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే మీ డేటా పోతున్నది ఇక్కడే. ముగింపు వరుస సీపైథాన్‌లో, అంటే మనం మామూలుగా వాడే పైథాన్‌లో, దాదాపు ఇలా ఉంటుంది: ముందు మామూలు థ్రెడ్ల కోసం కాచుకోవడం, తర్వాత ముగింపులో నడవాలని ఎట్‌ఎగ్జిట్‌లో రిజిస్టర్ చేసిన ఫంక్షన్లు చివరిది ముందుగా నడవడం, ఆ తర్వాత ఇంటర్‌ప్రెటర్ తాను మూతపడుతున్నానని గుర్తు పెట్టుకోవడం, స్టాండర్డ్ అవుట్‌పుట్‌ను ఫ్లష్ చేయడం (బఫర్‌లో మిగిలింది బయటికి రాసేయడం), మాడ్యూళ్లను కూల్చడం. ఈ తతంగమంతా జరుగుతున్నంతసేపూ మీ డీమన్ థ్రెడ్ ఏదో డిస్క్ రాతలోనో సాకెట్ రీడ్‌లోనో ఉంటుంది, అలాంటి చోట్ల గిల్‌ను, అంటే ఒకసారికి ఒక్క థ్రెడ్డే పైథాన్ కోడ్ నడిపేలా చూసే లాక్‌ను, వదిలేసి వెళ్తుంది కదా. ఆ పని ముగించుకుని తిరిగొచ్చి గిల్ అడుగుతుంది. రన్‌టైమ్ అప్పటికే మూతపడుతోంది, ఇవ్వదు. 3.13 వరకు ఆ థ్రెడ్‌ను పీథ్రెడ్_ఎగ్జిట్‌తో అక్కడికక్కడే తీసేసేవాళ్లు, 3.14 నుంచి అది అక్కడే శాశ్వతంగా ఆగిపోతుంది, ప్రాసెస్ పోయినప్పుడు దాంతోపాటే పోతుంది. ఏ పద్ధతిలోనైనా మీ ఫైనల్లీ బ్లాకు నడవదు, విత్ రాసి తెరిచిన ఫైలు మూసుకోదు. ఫైల్ ఆబ్జెక్ట్ బఫర్‌లో ఉన్న లైన్లు డిస్క్‌కి చేరే అవకాశమే లేదు. మీ చివరి ఆర్డర్లు పోయింది అందుకే. మార్పు ఎందుకు చేశారంటే, పీథ్రెడ్_ఎగ్జిట్ దారిలో సీ++ డిస్ట్రక్టర్లు నడిచి, అప్పటికే సగం కూలిన ఇంటర్‌ప్రెటర్‌ను ముట్టుకుని మొత్తం క్రాషయ్యేది. సీ++ ఎక్స్‌టెన్షన్లు వాడేవాళ్లకు ముగింపులో వచ్చే అర్థంకాని క్రాషుల్లో చాలావాటికి ఇదే మూలం.

మీకు వచ్చిన ఆ ఫేటల్ ఎర్రర్, స్టాండర్డ్ అవుట్‌పుట్ లాక్ దొరకలేదు, బహుశా డీమన్ థ్రెడ్ల వల్ల కావచ్చు అని తనే చెప్తుంది కదా, అది కూడా ఇదే కథ. వర్కర్ ప్రింట్ మధ్యలో ఉంది, స్టాండర్డ్ అవుట్‌పుట్ బఫర్ లాక్ దాని చేతిలో ఉంది. మెయిన్ చివరిసారి ఫ్లష్ చేయాలంటే ఆ లాక్ కావాలి. లాక్ వదలాలంటే వర్కర్‌కి గిల్ కావాలి, అది ఇక రాదు. డెడ్‌లాక్‌లో ఉండిపోవడం కంటే నయమని రన్‌టైమ్ అబార్ట్ అవుతుంది. పది రన్నుల్లో ఒకసారి వస్తే దాన్ని యాదృచ్ఛికం అనుకుని వదిలేయొద్దు, ప్రతి రన్నులోనూ ఆ కిటికీ తెరుచుకునే ఉంది.

డీమన్‌ను నేను ఒకే రకం పనికి వాడతాను: మధ్యలో తెగినా ఎవరికీ నష్టం లేని పని. మెమరీ వాడకం చూసి మెట్రిక్ పంపేది, కాష్‌ను వేడిగా ఉంచేది, అలాంటివి. డబ్బు, ఫైలు, డేటాబేస్ ముట్టుకునేది ఏదీ డీమన్ కాకూడదు.

ఇక్కడ ఇంకో ఉచ్చు ఉంది, చాలా మంచి ప్రోగ్రామర్లు కూడా పడతారు. సరే, ఎట్‌ఎగ్జిట్‌లో ఒక ఫంక్షన్ పెట్టి అందులో వర్కర్లకు ఆగమని చెప్తాను అనుకుంటారు. పైన చెప్పిన వరుస మళ్లీ చూడండి. థ్రెడ్ల కోసం కాచుకోవడం ముందు, ఎట్‌ఎగ్జిట్ తర్వాత. మెయిన్ థ్రెడ్ల కోసం కాచుకుంటుంది, థ్రెడ్లు ఎట్‌ఎగ్జిట్ ఇచ్చే కబురు కోసం కాచుకుంటాయి, ఎవరూ కదలరు. ఆపమనే కబురు మెయిన్ ఫంక్షన్ ముగియకముందే, దాని ఫైనల్లీలోనే ఇవ్వాలి.

వర్కర్ థ్రెడ్లను మన బదులు తనే నడిపే థ్రెడ్‌పూల్‌ఎగ్జిక్యూటర్ వాడితే ఈ బాధ ఉండదని అనుకుంటే అదీ నిజం కాదు. 3.9 నుంచి దాని వర్కర్లు డీమన్లు కావు, ముగింపులో వాటి కోసం కాచుకోవాల్సిందే. షట్‌డౌన్‌కి క్యాన్సిల్_ఫ్యూచర్స్ అనే ఆప్షన్ కూడా 3.9లోనే వచ్చింది, అది ఇంకా మొదలుకాని పనులను రద్దు చేస్తుంది, మొదలైపోయినదాన్ని ఏమీ చేయదు.

మరి ఎలా రాయాలి. మీ ప్రోగ్రాంకి సరిపడేది చెప్తాను. వర్కర్లను మామూలు థ్రెడ్లుగానే ఉంచండి. అవి క్యూ దగ్గర నిలబడతాయి కాబట్టి ఆపమనే కబురు కూడా ఆ క్యూలోంచే వెళ్లాలి, నాలుగు వర్కర్లకు నాలుగు నన్‌లు (ఏమీ లేదని చెప్పే పైథాన్ విలువ) క్యూలో వేయండి, నన్ వచ్చిన వర్కర్ లూప్‌లోంచి బయటికొచ్చి, ఫైలు మూసి, ఫంక్షన్ ముగిస్తుంది. క్యూలో అంతకుముందున్న ఆర్డర్లన్నీ నన్ కంటే ముందే బయటికొస్తాయి, ఏదీ పోదు. 3.13 ఉంటే ఇంకా తేలిక, క్యూకే షట్‌డౌన్ మెథడ్ వచ్చింది: పిలిచాక కొత్తవి వేయడం కుదరదు, ఉన్నవి అయిపోయాక గెట్ పిలిచిన వర్కర్‌కి షట్‌డౌన్ ఎక్సెప్షన్ వస్తుంది. క్యూకి సైజు లిమిట్ పెట్టి ఉంటే మాత్రం నన్ వేయడం కూడా బ్లాక్ కావచ్చు, వర్కర్లు చచ్చిపోయి క్యూ నిండి ఉన్నప్పుడు అచ్చంగా అదే జరుగుతుంది, అక్కడ టైమౌట్ పెట్టుకోండి. క్యూ లేకుండా కొంతసేపటికోసారి పనిచేసే థ్రెడ్ అయితే థ్రెడింగ్ ఈవెంట్ తీసుకుని, స్లీప్ బదులు ఈవెంట్ వెయిట్ పెట్టండి. ముప్ఫై సెకన్ల స్లీప్‌లో ఉన్న థ్రెడ్‌ను లేపలేరు, ముప్ఫై సెకన్ల వెయిట్‌లో ఉన్నదాన్ని ఈవెంట్ సెట్ చేయగానే లేపొచ్చు.

నిజమైన తలనొప్పి బ్లాకింగ్ కాల్స్‌తో. ఆపమనే కబురు పంపారు, థ్రెడ్ మాత్రం అవతలి సర్వర్ జవాబు కోసం చూస్తోంది, కబురు చూసే స్థితిలో లేదు. రిక్వెస్ట్స్ లైబ్రరీకి మీరు టైమౌట్ ఇవ్వకపోతే అది ఎంతసేపైనా కాచుకుంటుంది, డిఫాల్ట్‌గా టైమౌట్ లేదు. కాబట్టి ప్రతి నెట్‌వర్క్ కాల్‌కి, ప్రతి డేటాబేస్ కాల్‌కి టైమౌట్ పెట్టండి, అది ఎర్రర్ హ్యాండ్లింగ్ కోసమే కాదు, మీ ప్రోగ్రాం ఎంతలో ఆగగలదో నిర్ణయించేది కూడా అదే. సొంతంగా సాకెట్లు వాడుతుంటే, వేరే థ్రెడ్ రిసీవ్‌లో ఉన్న సాకెట్‌ను లినక్స్‌లో క్లోజ్ చేసినంత మాత్రాన అది లేవదు, ముందు రెండు వైపులా షట్‌డౌన్ చేయాలి. కొందరు సీ ఏపీఐలో ఉన్న పైథ్రెడ్‌స్టేట్_సెట్ఎసింక్ఎక్సెక్‌ను సీటైప్స్‌తో పిలిచి వేరే థ్రెడ్‌లోకి ఎక్సెప్షన్ తోసే చిట్కా చూపిస్తారు. అది పైథాన్ కోడ్ నడుస్తున్నప్పుడే పనిచేస్తుంది, బ్లాకింగ్ కాల్‌లో ఇరుక్కున్న థ్రెడ్‌కి, అంటే మీకు అవసరమైన చోటే, పనిచేయదు. పనిచేసిన చోట జావా స్టాప్ సమస్యలన్నీ తెస్తుంది. వద్దు.

ఇప్పుడు సిగ్నళ్లు. సర్వర్ మీద మీ ప్రోగ్రాంకి కంట్రోల్-సీ ఎవరూ నొక్కరు, లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ గానీ, కంటైనర్లను నడిపే డాకర్ గానీ సిగ్‌టర్మ్ అనే ఆగమనే సిగ్నల్ పంపుతాయి. దానికి పైథాన్ తనంతట తాను ఏ హ్యాండ్లరూ పెట్టదు, కాబట్టి కెర్నల్ డిఫాల్ట్ ప్రకారం ప్రాసెస్ అక్కడికక్కడే చచ్చిపోతుంది. ఫైనల్లీ లేదు, ఎట్‌ఎగ్జిట్ లేదు. సిగ్‌టర్మ్‌కీ సిగ్‌ఇంట్‌కీ (కంట్రోల్-సీ పంపే సిగ్నల్) ఒకే హ్యాండ్లర్ పెట్టండి, అందులో ఒక మామూలు గ్లోబల్ వేరియబుల్‌ను ట్రూ చేయడం తప్ప ఇంకేమీ చేయకండి. అక్కడే ఈవెంట్ సెట్ చేయొచ్చు కదా అనిపిస్తుంది, కానీ ఈవెంట్ లోపల కూడా లాక్ ఉంటుంది, మెయిన్ థ్రెడ్ సరిగ్గా ఆ లాక్ పట్టుకున్న క్షణంలో హ్యాండ్లర్ అదే థ్రెడ్‌లో నడిస్తే తన లాక్ కోసం తనే కాచుకుంటుంది. హ్యాండ్లర్లలో లాకులు వాడొద్దని పైథాన్ డాక్యుమెంటేషనే చెప్తుంది. మెయిన్ ఒక లూప్‌లో అర సెకను స్లీప్ వేస్తూ ఆ వేరియబుల్ చూస్తుంది. స్లీప్ చిన్నగానే ఉండాలి, 3.5 నుంచి సిగ్నల్ వచ్చినా హ్యాండ్లర్ ఎక్సెప్షన్ విసరకపోతే స్లీప్ మిగిలిన సమయం పూర్తిచేసే బయటికొస్తుంది. హ్యాండ్లర్‌లో ఇంకో వాక్యం మాత్రం రాయనిస్తాను: ఆ సిగ్నల్‌ను తిరిగి డిఫాల్ట్‌కి మార్చడం, అప్పుడు టెర్మినల్ ముందు కూర్చున్న మనిషి రెండోసారి కంట్రోల్-సీ నొక్కితే నిజంగానే వెంటనే ఆగుతుంది.

అదే లూప్‌లో మెయిన్ ఇంకో పని కూడా చేయాలి, మీ ప్రోగ్రాంలో అసలు లేనిది ఇదే. వర్కర్లు బతికే ఉన్నాయా అని చూడాలి. థ్రెడ్‌లో పట్టుకోని ఎక్సెప్షన్ వస్తే ట్రేస్‌బ్యాక్ ప్రింటవుతుంది, ఆ థ్రెడ్ పోతుంది, ప్రాసెస్ మాత్రం నడుస్తూనే ఉంటుంది, బయటి నుంచి చూసేవాళ్లకు అంతా బాగున్నట్టే ఉంటుంది. వర్కర్ ఫంక్షన్ మొత్తాన్నీ ట్రైలో పెట్టి, దొరికిన ఎక్సెప్షన్‌ను ఒక ఎర్రర్ లిస్టులో వేయించండి. మెయిన్ ఆ లిస్టు ఖాళీగా లేదని చూడగానే మామూలు ముగింపు దారే పట్టి, చివర్లో సిస్.ఎగ్జిట్ 1 పిలుస్తుంది. నిర్ణయం ఎప్పుడూ మెయిన్‌దే, వర్కర్లు సంగతి చెప్తాయి, అంతే. ఎగ్జిట్ కోడ్‌ను తేలిగ్గా తీసుకోకండి. సిస్టమ్‌డీ యూనిట్‌లో రీస్టార్ట్‌ను ఆన్-ఫెయిల్యూర్ అని పెట్టి ఉంటే, సున్నాతో ముగిసిన ప్రోగ్రాంను అది తిరిగి లేపదు, అంతా సవ్యంగా అయిపోయిందనుకుంటుంది. యూనిక్స్‌లో కోడ్ 0 నుంచి 255 వరకే, మీరు 256 ఇస్తే బయటికి 0 గా కనిపిస్తుంది.

ఇక జాయిన్, అంటే ఒక థ్రెడ్ ముగిసేదాకా కాచుకోవడం. టైమౌట్ లేకుండా జాయిన్ చేస్తే పాత కథే. మొత్తానికి ఒక గడువు పెట్టుకోండి, పదిహేను సెకన్లు అనుకుందాం, ఒక్కో థ్రెడ్‌కి మిగిలిన సమయం ఎంతో అంతే టైమౌట్ ఇస్తూ జాయిన్ చేయండి. జాయిన్ ఎప్పుడూ నన్‌నే తిరిగిస్తుంది, థ్రెడ్ ముగిసిందో గడువు ముగిసిందో తెలియాలంటే ఈజ్_అలైవ్ చూడాలి. గడువు తర్వాత కూడా ఏదైనా బతికే ఉంటే దాని పేరు లాగ్ చేసి, లాగింగ్ షట్‌డౌన్ చేసి, స్టాండర్డ్ అవుట్‌పుట్ ఫ్లష్ చేసి, అప్పుడు పిలవండి ఓఎస్._ఎగ్జిట్ 1 అని. దాని చోటు ఇదీ. మర్యాదగా అడిగాం, గడువిచ్చాం, కాపాడగలిగిన డేటా కాపాడాం, ఆ తర్వాత. అసలు దాన్ని పెట్టింది ఫోర్క్ చేసిన, అంటే ఉన్న ప్రాసెస్‌ను కాపీ తీసి పుట్టించిన, చైల్డ్ ప్రాసెస్ కోసం, అక్కడ సిస్.ఎగ్జిట్ పిలిస్తే పేరెంట్ నుంచి కాపీ అయిన బఫర్లు చైల్డ్‌లో కూడా ఫ్లషయి అవే లైన్లు రెండుసార్లు వస్తాయి, పేరెంట్ పెట్టిన ఎట్‌ఎగ్జిట్‌లు కూడా చైల్డ్‌లో నడుస్తాయి.

థ్రెడ్ ఎక్కడ ఇరుక్కుందో తెలియడం లేదంటే ఊహించకండి. ముగింపు మొదలైన వెంటనే ఫాల్ట్‌హ్యాండ్లర్‌లోని డంప్_ట్రేస్‌బ్యాక్_లేటర్‌ను ఇరవై సెకన్లకు, ఎగ్జిట్ ట్రూ ఇచ్చి పిలవండి. ఆ గడువులోపు ప్రాసెస్ ముగియకపోతే అన్ని థ్రెడ్ల ట్రేస్‌బ్యాక్‌లు ఎర్రర్ స్ట్రీమ్‌లో రాసి అదే ప్రాసెస్‌ను ముగిస్తుంది. ఇది సీలో రాసిన వేరే వాచ్‌డాగ్ థ్రెడ్, గిల్ ఎవరి దగ్గర ఇరుక్కున్నా దీనికి పట్టింపు లేదు. ఇప్పటికే వేలాడుతున్న ప్రాసెస్ అయితే పై-స్పై అనే టూల్‌లోని డంప్‌కి దాని పీఐడీ (ప్రాసెస్ నంబరు) ఇస్తే చాలు, ఏ థ్రెడ్ ఏ లైన్ దగ్గర ఉందో చూపిస్తుంది.

కంటైనర్‌లో పెడతానన్నారు కాబట్టి ఇది కూడా. కంటైనర్‌లో మీ పైథాన్ పీఐడీ 1 అవుతుంది. హ్యాండ్లర్ లేని సిగ్‌టర్మ్‌ను పీఐడీ 1 విషయంలో కెర్నల్ పట్టించుకోదు, మామూలు ప్రాసెస్‌ను చంపేదే దీన్ని ఏమీ చేయదు. డాకర్ స్టాప్ పది సెకన్లు చూసి సిగ్‌కిల్ (ఏ హ్యాండ్లరూ ఆపలేని, వెంటనే చంపే సిగ్నల్) ఇస్తుంది. మీ డాకర్ స్టాప్ ఎప్పుడూ సరిగ్గా పది సెకన్లు తీసుకుంటోందంటే దాదాపు ఖాయంగా ఇదే. డాకర్‌ఫైల్‌లో సీఎండీని బ్రాకెట్ల రూపంలో రాయండి, ఉత్త వాక్యంలా రాస్తే మధ్యలో షెల్ వచ్చి కూర్చుని సిగ్నల్‌ను మీ ప్రోగ్రాందాకా చేర్చకపోవచ్చు. చాలా మెషిన్ల మీద కంటైనర్లను నడిపే కుబర్నెటీస్ డిఫాల్ట్‌గా 30 సెకన్లిస్తుంది. మీ జాయిన్ గడువు, ఫాల్ట్‌హ్యాండ్లర్ గడువు రెండూ ఆ సంఖ్య కంటే తక్కువే ఉండాలి, లేకపోతే మీరు రాసిన ముగింపు కోడ్ మధ్యలోనే సిగ్‌కిల్ వచ్చి పడుతుంది. పైన చెప్పిన పదిహేను, ఇరవై కుబర్నెటీస్‌కి సరిపోతాయి, ఉత్త డాకర్‌కైతే స్టాప్ టైమౌట్ పెంచుకోవాలి లేదా వీటిని ఐదు, ఎనిమిదికి తగ్గించుకోవాలి.

రాసేశాక, క్యూ నిండా ఆర్డర్లు ఉండగా ఇంకో టెర్మినల్ నుంచి కిల్ -టర్మ్ ఇచ్చి చూడండి. షెల్‌లో ఎగ్జిట్ కోడ్ 143 వస్తే, అంటే 128కి 15 కలిపితే, మీ హ్యాండ్లర్ అసలు పెట్టబడలేదు. కంటైనర్‌ను ఆపినప్పుడు 137 వస్తే గడువు దాటి సిగ్‌కిల్ పడింది. 0 వచ్చి, క్యూలో వేసినన్ని ఆర్డర్లు ఫైల్లోనూ ఉంటే సరిగ్గా రాసినట్టే. ఒక వర్కర్‌లో కావాలని ఎక్సెప్షన్ విసిరి అప్పుడు 1 వస్తోందో లేదో కూడా చూడండి, దీన్ని టెస్ట్ చేయకుండా ప్రొడక్షన్‌కి పంపేవాళ్లే ఎక్కువ. ఇంకా వేలాడితే ఫాల్ట్‌హ్యాండ్లర్ ఇచ్చిన ట్రేస్‌బ్యాక్ మొత్తం పెట్టండి, ఏ లైన్ దగ్గర ఆగిందో చూసి చెప్తాను.